పొగ ఆపిన రోజుల్లో మొదటి కుర్చీ

నగరపాలక బ్యాండులో ట్రంపెట్లను ముందుండి నడిపే మొదటి కుర్చీ ఎవరిదో సర్వీసు తేల్చదు, ఊపిరి తేలుస్తుంది. పెద్ద కార్యక్రమం వచ్చినప్పుడల్లా, దానికి ముందురోజు బ్యాండు మాస్టరు ట్రంపెట్లవాళ్ళను ఆ కార్యక్రమం జరిగే చోటే వరసగా నిలబెడతాడు. చెయ్యి పైకెత్తుతాడు. అందరూ ఒకే స్వరం అందుకుంటారు. ఆ చెయ్యి నెమ్మదిగా దిగుతుంది. అది తొడకు తగిలేదాకా స్వరం తెగకుండా నిలిపినవాడు మొదటి కుర్చీలో కూర్చుంటాడు. ఇద్దరు నిలిపితే కుర్చీ పాతవాడిదే. మాస్టరుకు తొందర లేదు. ఆయన చెయ్యి దిగేలోపు చాలామందికి కళ్ళు బైర్లు కమ్మేవి.

బ్యాండులో అందరూ పెద్దాయన అని పిలిచే ట్రంపెట్టాయన ఆ కుర్చీని ఎవరికీ వదల్లేదు. మాస్టర్లు మారారు, కుర్చీకి రెక్సిన్ మార్చారు, అందులో కూర్చునే మనిషి మారలేదు. వయసెంత అని ఎవరైనా అడిగితే "నన్నడుగుతావేం, ట్రంపెట్టును అడుగు" అనేవాడు.

ఆయనకున్న ఫిర్యాదు ఒక్కటే, బస్సులు. బ్యాండు షెడ్డుకూ బస్సు డిపోకూ మధ్య ఒక్క గోడ. డ్రైవర్లు ఇంజన్లు ఆన్ చేసి టీకి వెళ్ళేవాళ్ళు. పొగ గోడ దూకి షెడ్డులోకి వచ్చేది. ఏ రోజైనా స్వరం ముందే తెగితే పెద్దాయన ట్రంపెట్టు దించి, గోడవైపు తిరిగి, డ్రైవర్ల ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకునేవాడు.

"ఈ పొగ లేని రోడ్డు మీద ఒక్కసారి నిలబెట్టండయ్యా నన్ను. మాస్టారి చెయ్యి దిగడం కాదు, ఊడి కిందపడేదాకా ఊదుతాను."

అందరూ నవ్వేవాళ్ళు. ఆయన అల్లుడు మాత్రం కాస్త ఆలస్యంగా నవ్వేవాడు. మామగారి తర్వాతి జోకు సాధారణంగా తనమీదే ఉంటుందని అతనికి తెలుసు.

అల్లుడిది రెండో కుర్చీ, ఇంట్లో ఇల్లరికం. పెద్దాయనే అతనికి ట్రంపెట్టు నేర్పాడు, పిల్లనిచ్చాడు, ఉండడానికి గది ఇచ్చాడు. ఆ మూడూ తను చేసిన పొరపాట్లేనని రోజుకొకసారైనా అందరి ముందూ ఒప్పుకునేవాడు. "మా అల్లుడుగారు ఊదితే లోపల గూడు పెట్టుకున్న సాలెపురుగుకు కూడా నిద్రాభంగం కాదు" అనేవాడు. అల్లుడు "అంతేలెండి మావయ్యా" అనేవాడు. గదిలోకి వెళ్ళాక మంచం కోడును ఒక్క తన్ను తన్నేవాడు. అది చప్పుడు కాకుండా ఎలా తన్నాలో కూడా నేర్చుకున్నాడు.

కూతురు కాలుష్య నియంత్రణ కార్యాలయంలో టెక్నీషియను. నగరంలో అక్కడక్కడా ఇనప గదుల్లో పెట్టిన యంత్రాలు గాలిని పీల్చి అంకెలు చెబుతుంటాయి. వాటి గొట్టాలు కడగడం, వడపోత కాగితాలు మార్చడం, అంకెలు సరిచూడడం ఆమె పని. బ్యాండువాళ్ళు ఆమెకు మీటరమ్మ అని పేరు పెట్టారు. కార్యాలయంలో కూడా అదే పేరు పాకింది.

చిన్నప్పుడు తండ్రి ఇంట్లో లేని సమయం చూసి మీటరమ్మ ట్రంపెట్టు తీసి ఊదింది. మొదటిసారే మోగింది. చాలాసేపు మోగింది. వీధి చివర నుంచి విన్న పెద్దాయన పరుగున వచ్చి చేతిలోంచి లాక్కున్నాడు. "పెదాలు కాయలు కాస్తే నిన్నెవడు చేసుకుంటాడే?" అన్నాడు. తర్వాత అదే ట్రంపెట్టు బయటి కుర్రాడి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆ కుర్రాడి చేతిలోనే ఆమెను పెట్టాడు.

ఆ ఏడాది ఎండలు ముదిరాక, విదేశాల నుంచి వచ్చే పెద్దల సమావేశం ఆ నగరంలో పెట్టారు. వాళ్ళు దిగేలోపు గాలి బాగుపడాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. సొంత బళ్ళు రోడ్డెక్కకూడదు. బస్సులు ఊరి బయటినుంచి తిరగాలి. జనరేటర్లు ఆపాలి. సమావేశం ముగిసేదాకా ఇదే వరస. వాళ్ళు వచ్చే పెద్ద రోడ్డు మీద పురుగు కూడా లేకుండా చేశారు. ఖాళీ అయిన రోడ్డు పొడవునా రెయిలింగులకు, స్తంభాలకు, పేవ్‌మెంటు రాళ్ళకు రంగులు వెయ్యడం మొదలుపెట్టారు. రోడ్డంతా థిన్నరు వాసన.

స్వాగతం మధ్యాహ్నం కాబట్టి బ్యాండు సాధన కూడా మధ్యాహ్నమే, ఆ రోడ్డు మీదే అని మాస్టరు చెప్పాడు.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "దేవుడున్నాడురా" అని డ్రమ్ము కొట్టేవాడి వీపు మీద ఒక్కటి చరిచాడు.

వాద్యం ఊదేవాళ్ళలో ఆయనొక్కడే పాత పద్ధతి మానలేదు. సాధనకు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు నడుం మీద వేసి, కడుపు నిండేదాకా గాలి పీల్చి, పట్టి, వదలడం. షెడ్డులో పొగకు భయపడి కొద్దిగా చేసేవాడు. ఇప్పుడు రోడ్డు మధ్య డివైడరు ఎక్కి, ఎండలో నిలబడి, సాధన మొదలయ్యేదాకా అదే పని. ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారే వసూలు చేసుకునేవాడిలా పీల్చాడు. ఊడ్చేవాళ్ళు చీపుర్లు ఆపి చూశారు.

"మీరూ పీల్చండర్రా! మళ్ళీ దొరకదు" అని వాళ్ళకు కూడా చెప్పాడు.

అల్లుడికి రంగుల వాసనకు తల పట్టేసింది. ఆ సాకుతో వాద్యాలు తెచ్చిన వ్యాను ఎక్కి, అద్దాలు ఎత్తేసుకుని, ఏసీ పెట్టించుకుని పడుకున్నాడు. మాస్టరు పిలిస్తే దిగేవాడు. ఊదేవాడు. మళ్ళీ ఎక్కేవాడు.

"మా అల్లుడుగారికి గాలి పడదు. ఆయనకు పడేది దిండొక్కటే" అన్నాడు పెద్దాయన.

ఆ రోజుల్లోనే మీటరమ్మ ఒక అంకె పట్టుకుని అధికారి గదిలోకి వెళ్ళింది. ధూళి సంగతి అందరూ అనుకున్నట్టే ఉంది, సగానికి సగం తగ్గింది. పెద్ద రోడ్డు చివరి ఇనప గదిలో నేల దగ్గర చేరితే ఊపిరికి చెరుపు చేసే ఓజోన్ వాయువును చూపే యంత్రం మాత్రం ఎదురు తిరిగింది. బళ్ళు ఆపిన మర్నాటి నుంచి అంకె ఎక్కుతూనే ఉంది.

"మిషన్ పాడైందేమో చూడమ్మా" అన్నాడు అధికారి.

"చూశాను సార్. పక్కన ఇంకోటి పెట్టి కూడా చూశాను. రెండూ ఒకటే చెబుతున్నాయి."

"బళ్ళు లేవు. పొగ లేదు. ఇదెక్కణ్ణించి ఊడిపడింది?"

"పొగ లేదు కాబట్టే సార్. బళ్ళ పొగలో ఓజోన్‌ని తినే వాయువు ఒకటి ఉంటుంది కదా. ఆ తినేదాన్ని ఆపేశాం. ఎండ ఆగలేదు. పెయింటు, థిన్నరు ఆవిర్లు ఆగలేదు. అవి ఓజోన్‌ని తయారు చేస్తూనే ఉన్నాయి, తినేవాడు లేడు."

"నేనూ చదువుకునే వచ్చానమ్మా ఇక్కడికి. అది కాదు నేనడిగేది. పైవాళ్ళకు ఏం చెప్పను?"

"రంగుల పని ఆపించండి సార్. కొంతైనా తగ్గుతుంది."

"అతిథులకు తుప్పు రెయిలింగులు చూపించమంటావా?"

అధికారి పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, అడిగాడు.

"ఇది పీలిస్తే ఏమవుతుంది, చెప్పు?"

"ఛాతీ పట్టేస్తుంది. లోతుగా పీల్చబోతే మంట, దగ్గు. బయట ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు ఎక్కువ. తలుపులు వేసుకుని లోపల కూర్చుంటే అంత తగలదు."

"అతిథులు వచ్చేది కార్లలో, అద్దాలు వేసుకుని. ఇక రోడ్డు మీద నిలబడేదెవరు?"

"పోలీసులు, ఊడ్చేవాళ్ళు, బ్యాండు."

"మరింకేం!" అన్నాడు అధికారి. అతని భుజాలు కిందికి దిగాయి. "బులెటిన్లో ధూళి వెయ్యి. జనం కంటికి కనిపించేది ధూళే. దాని విషయంలో ఆంక్షలు బ్రహ్మాండంగా పనిచేశాయి. అబద్ధమా?"

"కాదు సార్."

నిజంగానే కాదు. ధూళి తగ్గింది, గాలి బాగుపడింది అని బులెటిన్లో వేశారు. ఆకాశం కూడా అలాగే ఉంది, కడిగిన పళ్ళెంలా.

కార్యాలయంలో ఆమె నోరు కట్టేశారు. ఇంట్లో ఎవరూ కట్టలేదు. ఆ సాయంత్రం ఆమె చెప్పాలనే ఇంటికి వచ్చింది. పెద్దాయన అన్నం ముందు కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నాడు. అల్లుడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఏంటి నాన్నా, నొప్పా?"

"నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఇన్నేళ్ళ మసి ఊడి వస్తోంది. శుభ్రం అయ్యేటప్పుడు అలాగే ఉంటుంది. రేపు ఇంకాసేపు పీలుస్తా."

"నాన్నా, మధ్యాహ్నంపూట అంత పీల్చకు. కావాలంటే పొద్దున్నే..."

"నువ్వు నాకు ఊపిరి నేర్పుతావా?" పెద్దాయన ముద్ద ఆపి నవ్వాడు. "డబ్బాలకు గొట్టాలు కడుక్కునేదానివి, నీకేం తెలుసే ఊపిరంటే? ఓహో, తెలిసింది. మొగుడు నేర్పి పంపించాడు! నేను పీల్చడం మానేస్తే ఆయనగారు కుర్చీ ఎక్కుదామని. ఏం అల్లుడుగారూ, సొంత ఊపిరి చాలక పెళ్ళాం ఊపిరి కూడా అరువు తెచ్చుకుంటున్నారా?"

అల్లుడు పళ్ళెంలోకి చూస్తూ "నేనేమీ నేర్పలేదు మావయ్యా" అన్నాడు.

"నేర్పినా రాదులే. నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళకు ఏమొస్తుంది!"

మీటరమ్మ కూర గిన్నె తండ్రి పక్కకు జరిపింది. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. ఇంకోసారి నోరు తెరిచి ఉంటే ఆయన వినేవాడేమో. తిట్టుకుంటూనైనా వినేవాడు.

"సరేలే. నీ ఇష్టం" అంది. "గాలి బాగుందనే బులెటిన్లో వేశాం."

"అదీ!" అన్నాడు పెద్దాయన.

కుర్చీ పరీక్ష రోజున ఆమె రోడ్డు చివరి ఇనప గదిలో పని పెట్టుకుంది. తలుపు తెరవగానే జిరాక్స్ మిషన్ దగ్గర వచ్చే ఘాటు లాంటిది ముక్కుకు తగిలింది. యంత్రం మీద అంకె చూసింది. ఉద్యోగంలో చేరాక అంత అంకె చూడలేదు. తలుపు మూసి, తాళం వేసి, చెట్టు నీడన నిలబడింది. అక్కడినుంచి బ్యాండు కనిపిస్తుంది.

పెద్దాయన డివైడరు మీద ఉన్నాడు. పీలుస్తున్నాడు, పడుతున్నాడు, వదులుతున్నాడు. మధ్యమధ్య దగ్గు వస్తే పిడికిలి అడ్డం పెట్టుకుని, దగ్గు ఆగగానే మళ్ళీ పీలుస్తున్నాడు. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ కూడా దగ్గుతున్నాడు. అతని వయసు పెద్దాయనకు సగం.

మాస్టరు ఈల వేశాడు. అల్లుడు వ్యాను దిగి, కళ్ళు నులుముకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు. చెంప మీద సీటు కుట్లు అచ్చుపడి ఉన్నాయి.

"మావాడు నిద్ర లేచాడు. ఇక మొదలుపెట్టండి మాస్టారూ" అన్నాడు పెద్దాయన. గొంతు బొంగురుపోయింది.

చెయ్యి లేచింది. స్వరం లేచింది. మూడో ట్రంపెట్టు త్వరగానే తప్పుకుంది. చెయ్యి మాస్టరు భుజం దాకా వచ్చింది. పెద్దాయన స్వరం అప్పటికింకా అందరికన్నా నిండుగా ఉంది. ఆయన ఎప్పుడూ అక్కడే, బుగ్గల్లో పట్టిన గాలి ఊదుతూనే, ముక్కుతో కొసరు గాలి అందుకుంటాడు. ఆ రోజూ అందుకోబోయాడు. లోపల ఏదో పట్టేసింది. స్వరం గీసుకుపోయి, తెగింది. ట్రంపెట్టు దిగిపోయింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని వంగి దగ్గాడు. ట్రంపెట్టు నోరు రోడ్డుకు తగిలి చప్పుడైంది.

అల్లుడు కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు. మామగారు ఆగిపోయిన సంగతి అతనికి తెలీదు. స్వరం సన్నంగానే ఉంది గానీ తెగలేదు. మాస్టరు చెయ్యి తొడకు తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే అందరూ అతనివైపే చూస్తున్నారు.

పెద్దాయన తలెత్తాడు. అలవాటు ప్రకారం బస్సు కోసం వెతికాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. రోడ్డు మీద ఏమీ లేదు. రంగు ఆరని రెయిలింగులు మెరుస్తున్నాయి.

"పొగ లేదుగా పెద్దాయనా! ఇప్పుడెవర్ని తిడతావు?" అన్నాడు డ్రమ్ము కొట్టేవాడు.

నవ్వులు లేచాయి. ఊడ్చేవాళ్ళు కూడా నవ్వారు. ఇంకొకడు "బస్సు డ్రైవర్లకు క్షమాపణ చెప్పుకోవాలి మావా" అన్నాడు. మాస్టరు ఒక్కడే నవ్వలేదు. పెద్దాయన జేబులోంచి రుమాలు తీసి ట్రంపెట్టు మూతి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

సాయంత్రం మాస్టరు ఇంటికి వచ్చాడు. పెద్దాయన లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. డాక్టరు వచ్చి మందు ఇచ్చి, కొన్నాళ్ళు ఊదొద్దని చెప్పి వెళ్ళాడు. మాస్టరు కుర్చీ లాక్కోకుండా నిలబడే మాట్లాడాడు.

"మీటరమ్మా, నాకెందుకో మనసొప్పడం లేదు. ఆయన స్వరం అలా తెగడం నేనెప్పుడూ వినలేదు. అలిసిపోయి తెగేది వేరు, అది తెలుస్తుంది. ఇది మధ్యలో ఎవరో కత్తెర పెట్టినట్టు తెగింది. నువ్వు గాలి ఆఫీసులో ఉన్నావు కాబట్టి అడుగుతున్నా. ఇవాళ ఆ రోడ్డు మీద గాలిలో ఏమైనా ఉందా? ఉందని ఒక్క మాట చెప్పు. రేపు పొద్దున షెడ్డులో ఇంకోసారి వింటాను. డాక్టరుతో నేను మాట్లాడతా."

అల్లుడు గోడకు ఆనుకుని ఉన్నాడు. భార్యవైపు చూడలేదు. నేలవైపు చూశాడు.

"గాలి బాగుందండీ" అంది మీటరమ్మ. "బులెటిన్ చూడలేదా?"

"చూశాననుకో. అయినా..."

"ధూళి సగానికి సగం తగ్గింది. ఇంతకన్నా మంచి గాలి ఈ ఊళ్ళో నేను చూడలేదు."

లోపలినుంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఒక్కో మాటకు ఆగాల్సి వస్తోంది.

"మా అమ్మాయి చెప్పిందంటే... అంతే మాస్టారూ. దాని మీటర్లు... అబద్ధం చెప్పవు. అయిపోయింది నా పని. వెళ్ళండి."

మాస్టరు ఇంకాసేపు నిలబడి, అల్లుడి భుజం తట్టి, "రేపు మధ్యాహ్నం త్వరగా రావయ్యా" అని వెళ్ళిపోయాడు.

మీటరమ్మ ఇస్త్రీపెట్టె తగిలించి, మర్నాటికి భర్త యూనిఫాం కోటు బల్ల మీద పరిచింది. అతను వెనకాలే వచ్చాడు. కుర్చీ దొరికినవాడి ముఖంలా లేదు.

"రేపు నేనూ అలాగే దగ్గితే?" అన్నాడు గొంతు తగ్గించి. "అంతమంది ముందు. మీ నాన్నకే అలా అయిందంటే..."

"నీకవ్వదు."

"నీకెలా తెలుసు?"

ఆమె కోటు చెయ్యి ఒకటి మడత సరిచేసి, ఇస్త్రీపెట్టె ఆనించింది. "రేపు కూడా పిలిచేదాకా వ్యాను దిగకు. అద్దాలు దించకు. దిగాక గట్టిగా పీల్చకు, మామూలుగా ఊపిరి తీసుకుని ఊదేసి ఎక్కెయ్. ఆ రోడ్డు మీద మధ్యాహ్నం ఓజోన్ ఇవాళ్టికన్నా ఎక్కువే ఉంటుంది. ఆరుబయట అలా పీల్చేవాళ్ళకే దెబ్బ. ఎవరైనా సరే."

"అంటే మావయ్య..."

భర్త మాట ఆపేసి, ఆమె వెనకవైపు చూశాడు. గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు, తలుపు చట్రం పట్టుకుని. మంచినీళ్ళ కోసం లేచినట్టున్నాడు, చేతిలో గ్లాసు ఉంది.

పెద్దాయన నవ్వాడు. అది దగ్గులోకి దిగి, మళ్ళీ పైకి వచ్చింది.

"అయితే నా ఊపిరి పోలేదన్నమాట" అన్నాడు. "ఒరే అల్లుడూ, విన్నావా? నా ఊపిరి పోలేదు! గాలిదా ఇదంతా! అమ్మాయ్, మాస్టారికి ఫోన్ కలుపు."

"కలపను."

"కలపవా?"

"కలపను నాన్నా. నువ్వు చేసినా ఆయన నమ్మడు. మీటర్లు అబద్ధం చెప్పవని నువ్వే చెప్పి పంపావు. ఇప్పుడు కుర్చీ పోయిందని ఓజోన్ అంటున్నాడంటారు. డ్రమ్ము కొట్టేవాడికి ఏడాది పొడుగునా అదే జోకు."

అల్లుడు "పోనీలే, నేను మాట్లాడతా..." అని గొణిగాడు. ఎవరూ వినలేదు. అతను కూడా రెండోసారి అనలేదు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు.

"పోనీ, కుర్చీ పోనీ. నీ మొగుణ్ణే కూర్చోనీ. నాకు ఒక్కటి చెప్పు. ఇది గాలివల్లేగా? నావల్ల కాదుగా? అది చెప్పు చాలు, ఇంకేమీ అడగను."

గాలివల్లేనని ఆమెకు తెలుసు. అంకె తెలుసు, ఆయన అక్కడ నిలబడి ఎంతసేపు పీల్చాడో తెలుసు, పక్కన దగ్గిన కానిస్టేబుల్ వయసు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాటకు ఖర్చు కూడా లేదు, కుర్చీ ఎలాగూ భర్తదే.

"అది ఎవరూ చెప్పలేరు నాన్నా" అంది. "గాలి కొంత ఉంటుంది, వయసు కొంత ఉంటుంది. ఏది ఎంతో విడదీసే మీటరు లేదు."

"మందు తిని, తగ్గాక, షెడ్డులో ఊది చూసుకుంటే తెలుస్తుందిగా?"

"ఎలా తెలుస్తుంది? నిలిపావనుకో, ఆ రోజు ఒంట్లో బాగుండి నిలిపావేమో. నిలపలేదనుకో, ఈ దెబ్బ ఇంకా ఉందేమో. ఎలా చూసినా అది రుజువు కాదు."

"అంటే ఎప్పటికీ తెలీదా?"

"తెలీదు."

పెద్దాయన కూతురి ముఖంలోకి చూశాడు. లోతుగా ఊపిరి తీసుకోబోయి, ఛాతీ పట్టేసి, సగంలో ఆపేశాడు. మీటరమ్మ కోటు తిప్పి, రెండో చెయ్యి పరిచి, ఇస్త్రీపెట్టె వేడి చూడడానికి వేలు తడిచేసుకుంది.